చుక్క మసకేసిందా, ఆకాశం మసకేసిందా?

ఉత్తర కిరీటం నక్షత్రరాశి చేసే గిన్నెలో ఉండే ఆర్ కరోనే బొరియాలిస్ అనే చుక్కంటే నాకు ప్రాణం. మామూలుగా 6 మాగ్నిట్యూడ్ (వెలుగు కొలత, అంకె పెరిగితే చుక్క మసకన్నమాట) దగ్గర ఉండి బైనాక్యులర్స్‌కి దొరుకుతుంది. చెప్పాపెట్టకుండా కార్బన్ మసి కమ్మి 14 దాకా పడిపోతుంది. 2007లో మొదలైన మసక ఏళ్ల తరబడి వదల్లేదు.

మా డాబా మీద వేసవిలో ఆకాశానికి పల్చటి తెర పడుతుంది. చుక్క తగ్గిందో, తెర పెరిగిందో తెలియక ఒకటే టెన్షన్.

ఏఏవీఎస్‌ఓ (వెలుగు మారే చుక్కల్ని గమనించేవాళ్ల సంఘం) పటంతో అది తీరింది. అందులో వెలుగు ముందే తెలిసిన పోలిక చుక్కల పక్కన 58 అని ఉంటే 5.8 అన్నమాట, దశాంశ బిందువు పెడితే అదీ చుక్కే అనుకుంటాం కదా! నా చుక్కకన్నా కాస్త వెలుగైనది ఒకటి, కాస్త మసకది ఒకటి ఒకే చూపులో పట్టుకుని, వాటి మధ్య ఇదెక్కడుందో అంచనా కడుతున్నాను. తెర మూడింటినీ ఒకేలా తగ్గిస్తుంది, వరుస మారదు. మబ్బులు తునకలుగా కదిలే రాత్రి మాత్రం అంకె రాయను.