మూసీ టెండర్లు, భూ వినియోగ మార్పు ఫైళ్లు: సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు విధానం

హైదరాబాద్‌లో మూసీ నది ఒడ్డు అభివృద్ధి ప్రాజెక్టు పేరెత్తితే చాలు, ప్రతి ఒక్కరూ ఒక అంకె చెబుతారు. లక్షన్నర కోట్ల ప్రాజెక్టని ఒకరంటే, అదంతా ప్రచారమేనని ఇంకొకరంటారు. 2024 సెప్టెంబరులో నది ఒడ్డున ఉన్న ఇళ్ల గోడల మీద ఎర్ర రంగుతో ‘ఆర్‌బీ-ఎక్స్’ (నదీగర్భంలో ఉన్న ఇల్లని గుర్తు) అని రాసినప్పటి నుంచి ఈ వాదన ఆగిందే లేదు. ఏ సర్వే నంబర్లను ఏ వినియోగానికి మార్చారు, పని ఎవరికి ఏ షరతుల మీద ఇచ్చారు అన్నవి మాత్రం కాగితాలు చూస్తే తప్ప తేలవు. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద ఆ కాగితాలను ఏ పౌరుడైనా అడగవచ్చు. ఒడ్డున ఇల్లో స్థలమో ఉండాల్సిన పని లేదు. ఎందుకు అడుగుతున్నారో కూడా చెప్పనక్కర్లేదు. “మీకేం సంబంధం?” అని ఎవరైనా ప్రశ్నిస్తే సెక్షన్ 6(2) చదవమనండి.

ఎవరికి పెట్టాలి

కన్సల్టెంట్ల ఎంపిక, డీపీఆర్ (సమగ్ర ప్రాజెక్టు నివేదిక), నిర్మాణ పనుల టెండర్ల కోసం మూసీ రివర్‌ఫ్రంట్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్‌లోని పౌర సమాచార అధికారికి రాయండి. మాస్టర్ ప్లాన్‌లో భూ వినియోగం మారిన ఫైలు కావాలంటే హెచ్ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ), పురపాలక శాఖ రెండింటికీ విడివిడిగా పెట్టడం మంచిది. భూసేకరణ కాగితాలు ఆ జిల్లా కలెక్టరేట్‌లో ఉంటాయి. ఆఫీసు తప్పినా కంగారు పడొద్దు. సెక్షన్ 6(3) ప్రకారం వాళ్లే 5 రోజుల్లో సరైన ఆఫీసుకు బదిలీ చేయాలి. కానీ అలా తిరిగే దరఖాస్తు వెంట పడటం విసుగు పుట్టిస్తుంది కాబట్టి మొదటే సరైన చోట ఇస్తే ఆ తిప్పలుండవు.

రాసేముందు ఒక గంట తెలంగాణ ఈ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్‌లో వెతకండి. టెండర్ నోటీసు, షరతుల పత్రం, సవరణలు అక్కడే దొరికితే అవి మళ్లీ అడగనక్కర్లేదు. పైగా టెండర్ నంబరు, తేదీ చేతికొస్తాయి. దరఖాస్తుకు అసలు బలం వాటితోనే వస్తుంది.

ఏం అడగాలి, ఎలా అడగాలి

ఎక్కువ దరఖాస్తులు వీగిపోయేది ఇక్కడే. “ఈ కంపెనీకే ఎందుకు ఇచ్చారు?”, “పేదల ఇళ్లు కూల్చి మాల్స్ కడతారా?” అని రాస్తే, “అడిగినది సమాచారం నిర్వచనంలోకి రాదు” అని ఒక్క లైనులో తేల్చేస్తారు. రికార్డులో ఉన్నది ఇవ్వాలే తప్ప అభిప్రాయాలు, కారణాలు కొత్తగా తయారుచేసి ఇవ్వాల్సిన పని లేదని 2011లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. కోపాన్ని పక్కనపెట్టి కాగితం పేరు పట్టుకుని అడగండి. ఉదాహరణకు ఇలా:

“ఫలానా తేదీ, ఫలానా నంబరు టెండర్‌కు సంబంధించి 1) ప్రీ-బిడ్ సమావేశం మినిట్స్, 2) సాంకేతిక, ఆర్థిక బిడ్ల మూల్యాంకన నివేదికలు, 3) పని అప్పగిస్తూ ఇచ్చిన లేఖ, కుదిరిన ఒప్పందం, 4) ఈ ఫైలులోని నోట్‌షీట్లు, వీటి ధ్రువీకరించిన నకళ్లు ఇవ్వగలరు. ఫైలును స్వయంగా చూసే అవకాశం కూడా కల్పించగలరు.”

భూమి విషయంలో గ్రామం, మండలం, సర్వే నంబరు తప్పకుండా రాయాలి. ముందు ఏ జోన్, తర్వాత ఏ జోన్, ముసాయిదా నోటిఫికేషన్‌కు వచ్చిన అభ్యంతరాలు, వాటిపై తీసుకున్న నిర్ణయం, నది సరిహద్దును, బఫర్‌ను (ఒడ్డు వెంట కట్టడాలు లేకుండా వదలాల్సిన మేరను) గుర్తించిన మ్యాపు అడగండి. 2012 నాటి జీవో 168 ప్రకారం మున్సిపల్ పరిధిలో నది సరిహద్దు నుంచి 50 మీటర్లు బఫర్. అది ఎక్కడి నుంచి కొలిచారన్నదే సగం తగాదాలకు మూలం, అందుకే మ్యాపు విడిచిపెట్టకండి. “మొత్తం ప్రాజెక్టు ఫైళ్లన్నీ” అని మాత్రం అడగొద్దు. వనరులు దారి మళ్లుతాయంటూ సెక్షన్ 7(9) చూపించే సాకు మీరే ఇచ్చినట్టవుతుంది.

బిడ్ల విషయంలో ఎక్కువగా వినిపించేది సెక్షన్ 8(1)(డి), అంటే వాణిజ్య గోప్యత. బిడ్డింగ్ నడుస్తుండగా ఆ అభ్యంతరం న్యాయమైనదే. పని అప్పగించాక దానికి అంత బలం ఉండదు. పైగా గోప్యమైన భాగాన్ని తీసేసి మిగతాది ఇవ్వమని సెక్షన్ 10 చెబుతోంది. దరఖాస్తులోనే ఆ మాట ఒక వాక్యంగా రాసేయండి.

ఫీజు, గడువు

దరఖాస్తు తెలుగులోనే రాయొచ్చు. పైన చెప్పిన ఆఫీసులకు ఫీజు 10 రూపాయలు. నగదు కట్టి రశీదు తీసుకోండి, లేదా పోస్టల్ ఆర్డర్ జతచేయండి. తెల్ల కార్డు ఉన్నవాళ్లు దాని నకలు పెడితే ఫీజు ఉండదు. నకళ్లకు పేజీకి 2 రూపాయలు. పెద్ద మ్యాపులకు అయిన ఖర్చు తీసుకుంటారు. ఫైలు చూడటానికి మొదటి గంట ఉచితం. స్పీడ్ పోస్టులో పంపితే ఆ రశీదు జాగ్రత్త, నేరుగా ఇస్తే మీ కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి.

జవాబుకు గడువు 30 రోజులు. బిడ్డర్ (టెండర్ వేసిన సంస్థ) అభిప్రాయం అడగాల్సి వస్తే 40. గడువు దాటితే నకళ్లకు డబ్బు తీసుకోకూడదు. జవాబు రాకపోయినా, నచ్చకపోయినా 30 రోజుల్లో అదే ఆఫీసులోని పై అధికారికి మొదటి అప్పీలు, ఆ తర్వాత 90 రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. సరైన కారణం లేకుండా ఆలస్యం చేసిన అధికారికి కమిషన్ రోజుకు 250 చొప్పున 25,000 రూపాయల వరకు జరిమానా వేయగలదు.

మీ భూమే పోయే పరిస్థితి ఉంటే ఈ దరఖాస్తు ఒక్కటే సరిపోదు. 2013 భూసేకరణ చట్టం సెక్షన్ 11 నోటిఫికేషన్ వెలువడితే 60 రోజుల్లో కలెక్టర్‌కు రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వాలి. విచారణకు మీరే వెళ్లొచ్చు, లాయర్‌ను పంపొచ్చు. భూ వినియోగ ముసాయిదా మీద అభ్యంతరానికి గడువు ఆ నోటిఫికేషన్‌లోనే ఉంటుంది. సమాచార హక్కు దరఖాస్తుకు జవాబు రాలేదని ఈ గడువులు ఆగవు. చేతిలో ఉన్న కాగితాలతోనే అభ్యంతరం వేసి, “సమాచారం కోరాను, అందాక అదనపు వివరాలు సమర్పిస్తాను” అని రాసి, దరఖాస్తు నకలు జతచేయండి.