ఆఫ్రికా వేటకు రైఫిళ్ల ఎంపిక: .375ను నడుమ పెట్టి మిగతావి తేల్చుకోవడం

ఆఫ్రికాలో చట్టబద్ధమైన వేటకు వెళ్లేవారిలో చాలామంది తమకు నచ్చిన క్యాలిబర్‌ను (తూటా వ్యాసాన్ని, రకాన్ని తెలిపే పేరు) ముందే మనసులో ఖాయం చేసుకుని, ఆ తర్వాత దానికి తగిన జంతువును వెతుక్కుంటారు. ఈ వరసను తిరగేయాలి. ఏ దేశానికి వెళ్తున్నారు, అక్కడ నేల ఎలాంటిది, అనుమతి పత్రంలో ఏయే జంతువులు ఉన్నాయి, వాటికి ఆ దేశపు చట్టం ఎంత శక్తి గల తూటాను కోరుతోంది అన్న నాలుగు సంగతులు తేలాకే రైఫిల్ మాట ఎత్తాలి. అయిదు కిలోల డిక్‌డిక్ అనే చిట్టి జింక నుంచి అయిదారు టన్నుల ఏనుగు దాకా తిరిగే ఖండమైనా అక్కడికి అరడజను తుపాకులు మోసుకెళ్లనక్కరలేదు. చాలా యాత్రలకు రెండు రైఫిళ్లు సరిపోతాయి. వాటిలో .375 హెచ్ అండ్ హెచ్ మాగ్నమ్ (సుమారు 0.375 అంగుళాల వ్యాసం గల బుల్లెట్‌ను పేల్చేది) ఒకటైతే, రెండోది దానికన్నా చిన్నది కావాలా పెద్దది కావాలా అన్న ఒక్క ప్రశ్న మాత్రమే మిగులుతుంది.

దేశంతో మొదలుపెడదాం. కెన్యా 1977లోనే వేటను నిషేధించింది. బోట్స్‌వానా 2014లో నిషేధించి 2019లో ఆ నిషేధాన్ని ఎత్తివేసింది. దక్షిణాఫ్రికా, నమీబియా, జింబాబ్వే, జాంబియా, టాంజానియా, మొజాంబిక్ దేశాల్లో అనుమతులతో వేట సాగుతోంది. తుపాకీ విషయంలో ఈ దేశాలన్నీ ఒకే కొలత వాడవు. ప్రమాదకర జంతువులకు .375ను కనీస క్యాలిబర్‌గా పెట్టుకున్న చోట్లు కొన్ని ఉంటే, నమీబియా మాత్రం బ్యారెల్ మూతి వద్ద తూటాకు ఉండే శక్తిని చూస్తుంది: స్ప్రింగ్‌బాక్ వంటి చిన్న జింకలకు 1,350 జౌళ్లు, కుడు, జెమ్స్‌బాక్, ఈలాండ్ వంటి పెద్దవాటికి 2,700 జౌళ్లు, బఫెలో, ఏనుగులకు 5,400 జౌళ్లు ఉండాలి. జింబాబ్వే ఈ రెండింటినీ కలిపి, ఏనుగు, బఫెలో, నీటిగుర్రాలకు కనీసం 9.2 మిల్లీమీటర్ల వ్యాసంతో పాటు 5,300 జౌళ్ల శక్తిని, సింహం, జిరాఫీ, ఈలాండ్‌లకు 7 మిల్లీమీటర్లతో పాటు 4,300 జౌళ్లను కోరుతుంది.

ఈ అంకెలను కాగితం మీద పెట్టి లెక్క వేసి చూడడం తప్పనిసరి, ఎందుకంటే క్యాలిబర్ పేరును బట్టి శక్తిని అంచనా వేస్తే లెక్క తప్పుతుంది. 300 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే సుమారు 0.065 గ్రాము) బుల్లెట్‌ను, అంటే తూటా మొనన ఉండి ఎగిరి వెళ్లే లోహపు ముక్కను, సెకనుకు సుమారు 2,530 అడుగుల వేగంతో పంపే .375 హెచ్ అండ్ హెచ్‌కు దాదాపు 5,780 జౌళ్ల శక్తి ఉంటుంది కాబట్టి అది రెండు దేశాల్లోనూ నెగ్గుతుంది. అయితే అదే తూటాను పొట్టి బ్యారెల్ నుంచి పేల్చి వేగం 2,450 అడుగులకు పడిపోతే శక్తి 5,420 దగ్గరకు దిగి, నమీబియా గీతను అంటీ అంటకుండా నిలుస్తుంది. 1905లో ఓటో బాక్ రూపొందించిన 9.3×62 ఆఫ్రికాలో వందేళ్లకు పైగా పేరున్న క్యాలిబర్, వ్యాసంలో జింబాబ్వే నియమాన్ని దాటుతుంది కూడా. కాని 286 గ్రెయిన్ల బుల్లెట్‌తో సుమారు 2,360 అడుగుల వేగం ఇచ్చే మామూలు ఫ్యాక్టరీ తూటాకు 4,800 జౌళ్లే వస్తాయి. .30-06 స్ప్రింగ్‌ఫీల్డ్ 180 గ్రెయిన్లతో 3,950 జౌళ్ల దగ్గర ఆగుతుంది కాబట్టి నమీబియాలో ఈలాండ్‌కు చెల్లే ఈ రైఫిల్ జింబాబ్వేలో అదే ఈలాండ్‌కు చెల్లదు. నిబంధనలు మారుతూ ఉంటాయి కనుక, అనుమతి పత్రం చేతికి రాకముందే మీ వేటను నిర్వహించే సంస్థ నుంచి అప్పటికి అమలులో ఉన్న అంకెలను రాతపూర్వకంగా తెప్పించుకోవాలి.

ఇక .375 సంగతి. 1912లో హాలండ్ అండ్ హాలండ్ సంస్థ తెచ్చిన ఈ క్యాలిబర్ ఇన్నేళ్లు నిలిచింది పాత పేరు మీద అభిమానంతో కాదు. 300 గ్రెయిన్ల బరువైన బుల్లెట్‌తో బఫెలోకు సరిపోతుంది. 250, 270 గ్రెయిన్ల బుల్లెట్లతో దాని పథం .30-06కు దగ్గరగా ఉండి 200 మీటర్ల దాకా కుడు, జీబ్రాలపై నమ్మకంగా పనిచేస్తుంది. చిన్న జింక మీద సైతం మాంసాన్ని అతివేగపు తూటాలు చిందరవందర చేసినంతగా చేయదు. పైగా వేట సాగే దేశాల్లో తూటాలు దొరికే అవకాశం ఎక్కువున్న క్యాలిబర్లలో ఇదొకటి. సామాను విమానాశ్రయంలో చిక్కుకుపోయి రైఫిల్ వచ్చి తూటాలు రాని రోజున ఈ ఒక్క గుణం మిగతా గుణాలన్నింటికీ సాటి. ఒకే రైఫిల్‌తో వెళ్లాలనుకునేవారు ఇక్కడితో ఆగిపోయినా వారికి లోటేమీ ఉండదు. 2007లో వచ్చిన .375 రూగర్ ఇదే పనిని మామూలు పొడవు యాక్షన్‌లో (తూటాను ఎక్కించి పేల్చే యంత్ర భాగంలో) చేస్తుంది, కాని మారుమూల క్యాంపులో దాని తూటాల మీద ఆశ పెట్టుకోకూడదు.

రెండో రైఫిల్‌ను ఎంచుకునేటప్పుడు రెండింటి మధ్య ఎడం ఎంత ఉందో చూడాలి. .375 పక్కన .338 విన్‌చెస్టర్ మాగ్నమ్ పెడితే రెండూ దాదాపు ఒకే పని చేస్తాయి, రెండో పెట్టెను మోసిన శ్రమ వృథా. .375 పెద్ద రైఫిల్ అయిన పక్షంలో చిన్నది నిజంగా చిన్నదిగానే ఉండాలి: 7×57 మౌజర్, .270 విన్‌చెస్టర్, .308 విన్‌చెస్టర్, .30-06లలో మీ చేతికి అలవాటైనది ఏదైనా సరే. కలహారి, కరూ వంటి బయలు ప్రదేశాల్లో స్ప్రింగ్‌బాక్‌ను 200 నుంచి 300 మీటర్ల దూరంలో, అదీ గాలిలో కొట్టవలసి వస్తుంది కాబట్టి అక్కడ .270 గాని 7 ఎంఎం రెమింగ్టన్ మాగ్నమ్ గాని అక్కరకు వస్తుంది. పొదలు దట్టంగా ఉన్న బుష్‌వెల్డ్‌లో చాలా అవకాశాలు 150 మీటర్ల లోపే వస్తాయి కనుక .308కి మించిన వేగంతో పనిలేదు. ఏనుగు గాని, గుబురు పొదల్లో బఫెలో గాని యాత్రకు ప్రధాన లక్ష్యమై .416ను పెద్ద రైఫిల్‌గా తీసుకెళ్లేవారికి మాత్రం కింది రైఫిల్ కొంచెం బలంగా ఉండాలి, వారికి .300 విన్‌చెస్టర్ మాగ్నమ్ సరైన తోడు, ఎందుకంటే 180 గ్రెయిన్లతో దానికి వచ్చే 4,700 పైచిలుకు జౌళ్లు జింబాబ్వేలో ఈలాండ్‌కు కూడా చాలుతాయి.

.375 పైన ఉన్న మెట్టులో నా ఓటు .416కే. 1911 నాటి .416 రిగ్బీ 400 గ్రెయిన్ల బుల్లెట్‌తో సుమారు 6,700 జౌళ్ల శక్తినిస్తుంది; దాని పెద్ద కేసులో (మందు నింపే ఇత్తడి గొట్టంలో) ఒత్తిడి తక్కువగా ఉండడం వల్ల మండుటెండలో కాగిన తూటా ఖాళీ కేసు కూడా చాంబర్‌లో (బ్యారెల్ వెనక తూటా కూర్చునే గదిలో) పట్టుకోకుండా బయటికి వస్తుంది. 1988 నాటి .416 రెమింగ్టన్ అదే పనిని మామూలు మాగ్నమ్ యాక్షన్‌లో, ఎక్కువ ఒత్తిడితో చేస్తుంది. .458 విన్‌చెస్టర్ 1956 నుంచి ఉంది; దానికన్నా పొడవైన కేసు గల .458 లాట్ 500 గ్రెయిన్లతో 8,000 జౌళ్ల దాకా వెళుతుంది. ఈ మెట్టు ఎక్కాలా వద్దా అన్నది మీ భుజం తేల్చవలసిన విషయం. సుమారుగా చెప్పాలంటే పేలినప్పుడు .30-06 కన్నా .375 భుజాన్ని దాదాపు రెట్టింపు తంతుంది, .458 లాట్ మూడు రెట్లకు పైనే తంతుంది. తన్నుకు జడిసి ట్రిగ్గర్ లాగే క్షణంలో కళ్లు మూసుకునేవాడి చేతిలో .458 కన్నా, నింపాదిగా కాల్చేవాడి చేతిలో .375 ఎన్నో రెట్లు మేలు.

.470 నైట్రో ఎక్స్‌ప్రెస్ వంటి డబుల్ రైఫిళ్లకు ఉన్న ఆకర్షణ కాదనలేనిది. రెండు బ్యారెళ్లు, రెండు ట్రిగ్గర్లు ఉండడం వల్ల రెండో తూటా తక్షణం పేలుతుంది, ఒక వైపు చెడిపోయినా రెండో వైపు పనిచేస్తుంది. అయితే ఆ రెండు బ్యారెళ్లనూ ఒక నిర్దిష్టమైన తూటాతో, దగ్గరి దూరానికి, ఒకే చోట తగిలేలా సర్ది ఉంచుతారు. తూటా మారిస్తే గురి చెదురుతుంది. గాయపడిన జంతువును పొదల్లోకి వెంబడించే ప్రొఫెషనల్ హంటర్‌కు (యాత్రికుడి వెంట ఉండి వేటను నడిపించే వృత్తి వేటగాడికి) అది పనిముట్టు. యాత్రికుడికి మాత్రం అది ఖరీదైన ముచ్చట.

చిన్న క్యాలిబర్‌తో పెద్ద జంతువును కొట్టవచ్చని వాదించేవారు డబ్ల్యు.డి.ఎం. బెల్ పేరు ఎత్తక మానరు. 20వ శతాబ్దం తొలినాళ్లలో ఆయన 7×57తో పెద్ద సంఖ్యలో ఏనుగులను కొట్టిన మాట నిజమే. ఏనుగు తల లోపల మెదడు ఎక్కడుంటుందో ఏ కోణం నుంచైనా చెప్పగల వేటగాడు, అవకాశం కుదరకపోతే వదిలేసి మర్నాడు మళ్లీ రాగల వెసులుబాటు ఉన్న మనిషి ఆయన. పది రోజుల అనుమతితో వెళ్లేవారికి ఆ ఉదాహరణ పనికిరాదు, చట్టం ఎలాగూ ఒప్పుకోదు.

క్యాలిబర్ గురించి ఇంత ఆలోచించినవారు బుల్లెట్ గురించి ఆలోచించకపోవడం తరచుగా కనిపిస్తుంది, నిజానికి చంపేది బుల్లెట్టే. వేగంగా విచ్చుకుని పైపైనే ముక్కలైపోయే బుల్లెట్ జీబ్రా భుజపుటెముక దగ్గరే ఆగిపోవచ్చు. అందువల్ల నోస్లర్ పార్టిషన్, స్విఫ్ట్ ఏ-ఫ్రేమ్ వంటి అదుపుగా విచ్చుకునే సాఫ్ట్ బుల్లెట్లు గాని, బార్న్స్ టీఎస్‌ఎక్స్ వంటి పూర్తి రాగి బుల్లెట్లు గాని, క్యాలిబర్‌లో బరువైన వైపున ఉన్నవి ఎంచుకోవాలి. బఫెలో మీద మొదటి దెబ్బకు సాఫ్ట్, ఆ తర్వాతి వాటికి విచ్చుకోని సాలిడ్ వాడడం చాలామంది పాటించే పద్ధతి. మందలో నిలబడిన బఫెలో మీద సాలిడ్‌తో మొదలుపెడితే అది దేహంలోంచి దూసుకుపోయి వెనకనున్న మరో జంతువును గాయపరచవచ్చు. ఏనుగుకు సాలిడ్ తప్ప మరొకటి వద్దు. తేనెపట్టులా గదులు గదులుగా ఉండే ఆ కపాలపు ఎముకను దాటి మెదడును చేరగలిగేది అదే.

రైఫిల్ విషయానికి వస్తే, రెండింటికీ ఒకే తరహా బోల్ట్ యాక్షన్, ఒకే చోట ఉండే సేఫ్టీ, ఒకే రకం ట్రిగ్గర్ ఉండేలా చూసుకోవాలి. బఫెలో తిరగబడిన క్షణంలో బొటనవేలు సేఫ్టీ కోసం తడుముకోకూడదు. ప్రమాదకర జంతువులకు వాడేదానికి మౌజర్ తరహా పెద్ద ఎక్స్‌ట్రాక్టర్ (కేసును బయటికి లాగే కొక్కెం) ఉన్న యాక్షన్ మంచిది, ఎందుకంటే తూటా మేగజైన్ వదిలిన మరుక్షణమే ఎక్స్‌ట్రాక్టర్ దాని అంచును పట్టుకుంటుంది. ఆ యాక్షన్ మీ చేతిలో ఎలా నడుస్తుందో ఇంట్లోనే పరీక్షించకూడదు, కాల్పుల మైదానంలో పరీక్షించాలి: మేగజైన్ నిండా అసలు తూటాలే, ఒకటి సాఫ్ట్, మిగతావి సాలిడ్ వేసి, రైఫిల్‌ను భుజం మీంచి దించకుండా వరుసగా పేల్చి చూడాలి. బోల్ట్‌ను మెల్లగా లాగితే సాఫీగా నడిచే రైఫిల్, వేగంగా లాగినప్పుడు బల్లపరుపు మొన గల సాలిడ్‌ను చాంబర్ అంచుకు తగిలించి ఆగిపోవచ్చు. తొందరలో బోల్ట్‌ను పూర్తిగా వెనక్కి లాగకపోతే పాత కేసు బయటపడినా కొత్త తూటా ఎక్కదు, ఖాళీ చాంబర్ మీద బోల్ట్ మూసుకుంటుంది. ఈ తప్పు చేతిది. కాబట్టి చేతికే శిక్షణ కావాలి.

స్కోప్ చిన్నదైతే మేలు. .375 మీద 1 నుంచి 4 లేదా 1 నుంచి 6 రెట్లు పెంచేది, చిన్న రైఫిల్ మీద 3 నుంచి 9 రెట్లు పెంచేది చాలు. కంటికీ స్కోప్‌కూ మధ్య కనీసం మూడున్నర అంగుళాల ఎడం లేకపోతే పెద్ద రైఫిల్ మీ కనుబొమను చీలుస్తుంది. స్కోప్ దెబ్బతింటే దాన్ని తీసేసి కింది ఇనుప గురితో కాల్చగలిగే మౌంట్లు ఉంటే మరీ మంచిది. మూతి దగ్గర బ్రేక్ (వాయువులను పక్కలకు మళ్లించే రంధ్రాల గొట్టం) బిగిస్తే తన్ను తగ్గుతుంది గాని, పక్కన నిలబడ్డ ట్రాకర్ల (జంతువుల జాడ పట్టేవారి) చెవులు ఆ మోతకు దెబ్బతింటాయి. చాలామంది ప్రొఫెషనల్ హంటర్లు దాన్ని ఇష్టపడరు.

సాధన బల్ల మీద చేసి ఊరుకోకూడదు. ఆఫ్రికాలో ఎక్కువగా మూడు కాళ్ల కర్రల మీద రైఫిల్ ఆనించి, నిలబడి కాల్చాలి. ఆ కర్రల మీద 100 మీటర్ల దూరంలో చేతి వెడల్పు వృత్తంలో తూటాలన్నీ పడేదాకా సాధన సాగాలి. గురి పెట్టే చోటు కూడా మారుతుంది: ఆఫ్రికా జింకల్లో గుండె, ఊపిరితిత్తులు భుజాల మధ్య, కిందుగా, ముందుగా ఉంటాయి. భుజం వెనక గురిపెట్టే అలవాటున్నవారు ఇక్కడ ముందుకాలి గీతను పైకి చూస్తూ దేహం ఎత్తులో మూడో వంతు దగ్గర ఆగాలి.

చివరగా కాగితాలు. దక్షిణాఫ్రికాలోకి తుపాకీని తాత్కాలికంగా తీసుకెళ్లడానికి అక్కడి పోలీసు శాఖ ఎస్‌ఏపీఎస్ వారి 520 ఫారం నింపాలి. ఒక్కో క్యాలిబర్‌కు ఒకే రైఫిల్‌ను, రైఫిల్‌కు 200 తూటాల దాకా అనుమతిస్తారు, సెమీ ఆటోమేటిక్‌లకు అనుమతి లేదు. రెండు రైఫిళ్లు వేర్వేరు క్యాలిబర్లలో ఉండాలనడానికి ఇది మరో కారణం. తూటా అడుగున ముద్రించిన క్యాలిబర్ పేరు, రైఫిల్ మీద ఉన్నది, ఫారంలో రాసినది అక్షరం తేడా లేకుండా కలవాలి. విమానంలో ప్రయాణికుడికి 5 కిలోల తూటాల వరకే పరిమితి, అవి రైఫిల్ ఉన్న తాళం పెట్టెలో కాక విడిగా వెళ్లాలి; .416, .458 తూటాలు బరువైనవి కాబట్టి ముందే తూచుకోవాలి. క్యాంపు చేరిన మొదటి సాయంత్రం, వేటకు కదలకముందే, రెండు రైఫిళ్లనూ కాగితం మీద పేల్చి గురి సరిచూసుకోవాలి. విమానంలో కుదుపులకు కదిలిన స్కోప్ ఆ కాగితం మీదే బయటపడుతుంది.