సైకిల్ కాపుదల పాఠాలు – 4: మర కుదరని నట్టు, సీటుకున్న రెండు దారులు

చక్రాలను దొంగలు విప్పుకుపోకుండా, తమ సొంత కీతో మాత్రమే ఊడే భద్రతా నట్టులు పెట్టుకోవడం గురించి చెప్పిన మూడవ పాఠంతో చక్రాల సంగతి ముగిసిందనీ, ఈసారి నేరుగా సీటు దగ్గరకు వెళ్ళవచ్చుననీ అనుకున్నాను. ఆ పాఠం చదివి పని మొదలుపెట్టిన వారిలో నలుగురు వెనుక చక్రపు ఇరుసును పాడుచేసుకున్నారని తెలిసిన తరువాత మాత్రం, దానిని సరిచేయకుండా ముందుకు సాగడానికి మనసొప్పలేదు. మిర్యాలగూడ నుంచి ఒక సోదరి ఇలా రాశారు: "మీరు చెప్పినట్టే దొంగ విప్పలేని నట్టు పెట్టాను సార్. ఇప్పుడు దాన్ని నేను విప్పలేను, బిగించనూ లేను, ఊరికే తిరుగుతూ ఉంది." నల్లగొండలో చదువుకుంటూ రోజూ పానగల్లు నుంచి సైకిల్ మీద వచ్చే ఒక విద్యార్థి కూడా దాదాపు ఇదే రాశాడు. కాకపోతే అతని చక్రం నడిరోడ్డు మీద పక్కకు ఒరిగి గొలుసు ఊడిన తరువాతగానీ విషయం తెలియలేదు. తప్పు వారిది కాదు. "ఇరుసును కొలిచి నట్టు కొనండి" అని ఒకే ఒక్క వాక్యం రాసి, ఎలా కొలవాలో అందరికీ తెలిసినదే కదా అని దాటవేసినవాడిని నేనే.

కాబట్టి ఈ ఒక్క విషయాన్ని, విసుగు పుట్టినా సరే, మొదటి నుంచి చెబుతాను. మన ఊళ్ళలో తిరిగే పాత పద్ధతి బండ్లకు వెనుక ఇరుసు సాధారణంగా 3/8 అంగుళం ఉంటుంది, అంటే 9.5 మిల్లీమీటర్లు. దాని మీద మర, మన మెకానిక్కులు చూడీ అని పిలిచేది, అంగుళానికి 26 చుట్ల లెక్కన తెగి ఉంటుంది. కొత్త తరహా బండ్లలో చాలావాటికి ఇరుసు 10 మిల్లీమీటర్లు, ఒక్కొక్క చుట్టుకూ మధ్య దూరం సరిగ్గా 1 మిల్లీమీటరు. అంగుళానికి 26 చుట్లంటే ఒక చుట్టుకు 0.977 మిల్లీమీటరు. ఈ రెండింటి మధ్య తేడా మిల్లీమీటరులో నలభయ్యో వంతు మాత్రమే కాబట్టి, 10 మిల్లీమీటర్ల నట్టును తెచ్చి 3/8 అంగుళపు ఇరుసు మీద పెడితే అది ఎక్కడా పట్టకుండా, వెన్న పూసినట్టుగా, వేళ్ళతోనే చివరి వరకు వెళ్ళిపోతుంది. అక్కడే మోసం ఉంది. చుట్ల దూరం దాదాపుగా కుదిరింది గానీ వ్యాసం కుదరలేదు. నట్టులోని మర పళ్ళు ఇరుసు పళ్ళను లోతుగా పట్టుకోవలసిన చోట కొనలతో మాత్రమే పట్టుకుని ఉంటాయి. చేతితో తిప్పినంతసేపు ఆ పట్టు చాలునట్టే అనిపిస్తుంది. పానా వేసి గట్టిగా బిగించిన మరుక్షణం కొనలు తెగిపోయి, పై సోదరి చెప్పినట్టు నట్టు ఊరికే తిరుగుతుంది.

ముందు చక్రం విషయంలో ఈ మోసం సాధారణంగా జరగదు. అక్కడ పాత బండ్లకు ఇరుసు 5/16 అంగుళం, అంటే 7.94 మిల్లీమీటర్లు. దానికి ఎవరైనా హార్డ్‌వేర్ దుకాణంలోని 8 మిల్లీమీటర్ల మామూలు నట్టు పెట్టబోతే, దాని చుట్ల దూరం 1.25 మిల్లీమీటర్లు కావడంతో ఒకటి రెండు చుట్లకే బిగుసుకుని ఆగిపోతుంది. ఆగిపోయే నట్టు నిజాయితీ గల నట్టు. సులువుగా ఎక్కేసే నట్టునే అనుమానించాలి.

గుర్తుపట్టడానికి మంచి సాధనం వెర్నియర్ కాలిపర్, అంటే రెండు దవడల మధ్య పెట్టి మందం కొలిచే స్కేలు. ఇరుసు మర మీద పెట్టి చూస్తే 9.4, 9.5 దగ్గర ఒక రకం, 9.8, 9.9 దగ్గర మరో రకం తేలుతుంది, ఎందుకంటే మర కొనలు పేరులో ఉన్న కొలతకు కొంచెం తక్కువగానే ఉంటాయి. కాలిపర్ లేని వారు బండికి ఇప్పుడున్న పాత నట్టును విప్పి సైకిల్ దుకాణానికి తీసుకువెళ్ళి, 10 మిల్లీమీటర్లదని తెలిసిన ఒక ఇరుసు మీద పెట్టి చూడాలి. ఎక్కకపోతే మీది 3/8 అంగుళం. ఇంకొక పరీక్ష కూడా ఉంది. కొత్త నట్టును ఇరుసు మీద సగం దూరం ఎక్కించి, తిప్పకుండా పక్కకు ఊపండి. సరైన నట్టు కదలీ కదలనట్టు ఉంటుంది, తప్పుడు నట్టు వదులు పన్నులా ఊగుతుంది. నా వరకు నేను ఈ ఊపు పరీక్షనే నమ్ముకుంటాను, కాలిపర్ పెట్టె ఎక్కడో అటక మీద ఉంటుంది.

ఇప్పటికే నట్టు ఊరికే తిరుగుతున్న వారు వాషరు వెనుక వైపు నుంచి స్క్రూడ్రైవర్ దూర్చి, నట్టును బయటికి నెడుతూ పానాతో విప్పాలి. నెట్టకుండా ఎంత తిప్పినా రాదు. వచ్చిన తరువాత ఇరుసు మర కొనలు మెరుస్తూ చదునుగా కనిపిస్తే ఇరుసును మార్చవలసిందే. మార్చేటప్పుడు కోన్లు, అంటే ఇరుసు మీద ఎక్కి గోలీలను అదిమి పట్టే బిళ్ళలు, కూడా అదే మరవి ఉండేలా చూసుకోండి. మన దగ్గర ఇది పెద్ద ఖర్చు కాదు.

బిగింపు గురించి కూడా రెండు మాటలు. వెనుక ఇరుసు నట్టుకు సుమారు 30 న్యూటన్ మీటర్ల బిగింపు కావాలి. అంటే 15 సెంటీమీటర్ల పొడవున్న పానా చివర 20 కిలోల బరువు వేలాడదీసినంత బలం. భద్రతా నట్టులతో వచ్చే కీ పొట్టిగా ఉంటుంది కాబట్టి చాలామంది చేతి బలంతో ఆపేస్తారు, అందువల్ల చక్రం జరుగుతుంది. కీ తల మీద పానా వేసి తిప్పండి. ఆ కీ పోగొట్టుకున్నామని రాసిన ఇద్దరికీ చెప్పగలిగింది ఒకటే: రెండు కీలు వచ్చే సరుకే కొనండి, ఒకటి ఇంట్లో పెట్టండి, కీతోపాటు సంఖ్య రాసిన కార్డు ఇస్తే దాన్ని ఫోటో తీసుకోండి.

ఇక సీటు.

సీటు కింద మీట ఉన్న బండి మీదైతే ఆ మీటను ఈరోజే తీసేయండి. కొండ దిగేటప్పుడు సీటును కిందికి దించుకోవడానికి ఆ మీటను పెట్టారు. మహబూబ్‌నగర్ నుంచి దేవరకద్ర వెళ్ళే రోడ్డు మీద ఆ అవసరం ఎవరికి వచ్చిందో నాకు తెలియదు గానీ, ఏ సాధనమూ లేకుండా అర నిమిషంలో సీటు ఎత్తుకుపోవడానికి మాత్రం అది బాగా పనికివస్తుంది. దాని స్థానంలో అదే మందం గల అలెన్ బోల్టు (తలలో ఆరు పలకల గుంట ఉండేది) వేస్తే సగం పని అయినట్టే, ఎందుకంటే బస్టాండు దగ్గర సీటు తీసేవాడు సాధారణంగా చేతిలో ఉన్నదానితోనే ప్రయత్నిస్తాడు.

మిగిలిన సగం దగ్గరే అందరూ పొరబడతారు. సీటు బండికి రెండు చోట్ల పట్టుకుని ఉంటుంది. మొదటిది సీటు పైపును ఫ్రేముకు బిగించే బోల్టు. రెండవది సీటు పైపు తల మీద, సీటు కింది కడ్డీలను పట్టుకునే బోల్టు. మొదటి దానికి ఖరీదైన భద్రతా బోల్టు వేసి రెండవ దాన్ని మామూలు 6 మిల్లీమీటర్ల అలెన్ బోల్టుగానే వదిలేస్తే, దొంగ పైపును మీకు వదిలి సీటును మాత్రం తీసుకుపోతాడు. పాత బండ్లకు ఈ రెండవ చోట అటూ ఇటూ నట్లు ఉంటాయి, వాటికి మామూలు పానా చాలు. ఒక భాగాన్ని కాపాడాలంటే అది ఎన్ని చోట్ల ఊడుతుందో ముందు లెక్కపెట్టండి, అన్ని చోట్లా ఒకే స్థాయి కాపుదల పెట్టండి, అంత ఖర్చు వద్దనుకుంటే అసలు ఏ చోటా డబ్బు పెట్టకండి.

తక్కువ ఖర్చుతో అలెన్ బోల్టును మూసే పద్ధతి బేరింగ్ గోలీ. బోల్టు తలలోని ఆరు పలకల గుంటలో సరిపోయే ఉక్కు గోలీని దించి జిగురుతో నిలిపితే అలెన్ కీ లోపలికి పోదు. 5 మిల్లీమీటర్ల గుంటకు 3/16 అంగుళపు గోలీ, అంటే 4.76 మిల్లీమీటర్లది, చక్కగా కూర్చుంటుంది. ముందు హబ్బులో, అంటే చక్రం నడిమి డొల్లలో, వాడే గోలీ ఇదే కాబట్టి ఏ దుకాణంలో అడిగినా ఇస్తారు. 4 మిల్లీమీటర్ల గుంటకు 5/32 అంగుళపు గోలీ 3.97 మిల్లీమీటర్లు, వెంట్రుక వాసి తేడాతో పడుతుంది. గుంటలో రంగో మట్టో ఉంటే పడదు, అప్పుడు సుత్తితో కొట్టకండి, కొడితే అది శాశ్వతంగా అక్కడే ఉండిపోతుంది. అలాంటి చోట ఫ్రీ వీలులో (వెనుక చక్రపు పళ్ళ బిళ్ళలో) ఉండే 1/8 అంగుళపు చిన్న గోలీ వేసి జిగురు కొంచెం ఎక్కువ పెట్టుకోవచ్చు. 6 మిల్లీమీటర్ల గుంటకు 7/32 అంగుళపు గోలీ సరైనదే అయినా మన వైపు అది సులభంగా దొరకదు. నేను 3/16 అంగుళపు గోలీనే వేసి చుట్టూ ఎంసీల్ నింపుతాను. గోలీ వేసే ముందు బోల్టును చివరి బిగింపు వరకు బిగించండి, సీటు పైపు బోల్టుకు 5 నుంచి 7 న్యూటన్ మీటర్లు చాలు. ఆ తరువాత గుంటలోని గ్రీజును శుభ్రంగా తుడవండి, జిడ్డు ఉంటే ఏ జిగురూ పట్టదు.

చల్లని దేశాల వారు గోలీ మీద కొవ్వొత్తి మైనం పోస్తారు. కావలసినప్పుడు కొంచెం వేడి చేస్తే మైనం కరిగి గోలీ బయటికి వస్తుంది కాబట్టి అది తెలివైన పద్ధతే. నేనూ ఒక వేసవిలో అదే చేశాను. మే నెలలో పాలమూరు ఎండ 43 డిగ్రీలు దాటిన రోజున, మధ్యాహ్నమంతా ఎండలో నిలబడిన బండి దగ్గరకు వచ్చి చూస్తే మైనం సీటు పైపు మీదుగా కారి ఉంది, గోలీ ఎక్కడ పడిందో దేవుడికే తెలియాలి. ఎండలో కాగిన నల్లటి ఇనుము గాలి కన్నా చాలా ఎక్కువ వేడెక్కుతుంది, మామూలు కొవ్వొత్తి మైనమేమో 50, 60 డిగ్రీల దగ్గర మెత్తబడి కారిపోతుంది. మన వైపు ఫెవిక్విక్ వంటి జిగురే నయం. తీయవలసినప్పుడు రెండు మూడు చుక్కల అసిటోన్ వేసి కాసేపు నానబెట్టి, సూదితో గోలీని పైకి లేపాలి. అసిటోన్ ఫ్రేము రంగును తినేస్తుంది కాబట్టి చుట్టూ గుడ్డ కప్పండి.

అన్నదమ్ములిద్దరూ ఒకే బండి తొక్కే ఇంట్లో సీటు ఎత్తు రోజూ మారుతుంది. అలాంటివారు పైపు బోల్టులో గోలీ వేయకూడదు. బ్రేకు బోల్టులలో ఎవరూ వేయకూడదు, బ్రేకును ఎప్పుడైనా సవరించవలసి రావచ్చు. జర్మనీ నుంచి వచ్చే హెక్స్‌లాక్స్ అనే చిన్న మూతలు అయస్కాంతంతో ఈ గుంటలోనే కూర్చుంటాయి, కీతో తీసి మళ్ళీ పెట్టుకోవచ్చు. బోల్టు అయస్కాంతానికి అంటుకునే రకం కావాలి కాబట్టి కొనేముందు ఏదైనా చిన్న అయస్కాంతంతో పరీక్షించండి, స్టెయిన్‌లెస్ బోల్టులు చాలావరకు అంటుకోవు.

అబుస్ వారి నట్‌ఫిక్స్ గురించి ముగ్గురు అడిగారు. బండి నిటారుగా ఉన్నంతసేపు ఆ నట్టు తెరుచుకోదు, బండిని పక్కకు పడుకోబెడితేనే తెరుచుకుంటుంది. ఆలోచన చక్కనిదే, కానీ అది బండిని స్తంభానికి కట్టే అలవాటున్న చోటికి సరిపోతుంది. మన బండ్లలో అధికభాగానికి వెనుక చక్రానికి గుండ్రటి తాళం వేసి వదిలేస్తాం, దానివల్ల చక్రం తిరగదు గానీ బండి దేనికీ కట్టబడి ఉండదు. స్టాండులో నిలబెట్టిన అలాంటి బండిని పడుకోబెట్టడానికి ఎవరికైనా ఒక చేయి చాలు. గొలుసుతో స్తంభానికి కట్టేవారు మాత్రమే దాన్ని కొనండి.

నిజం చెప్పాలంటే నా సొంత బండి సీటుకు ఈ బోల్టులేవీ లేవు. పారేయబోయే పాత సైకిల్ చైనును ఒక మూరెడు తీసుకుని, పాత ట్యూబు ముక్కలో దూర్చి, సీటు కింది కడ్డీల గుండా, వెనుక చక్రం వైపు దిగే ఫ్రేము గొట్టాల గుండా తిప్పి, చైను పనిముట్టుతో పిన్ను నొక్కి కలిపేశాను. సీటును పైకి కిందికి జరుపుకునేంత వదులు ఉంచాను. విప్పాలంటే చైను పనిముట్టు కావాలి, దాన్ని జేబులో పెట్టుకుని తిరిగేది మెకానిక్కులే. ట్యూబు ఉండటం వల్ల ఫ్రేము రంగు గీసుకుపోదు. సీటు, పైపు రెండూ ఒకేసారి కట్టుబడతాయి కాబట్టి, పైన చెప్పిన రెండు దారులూ దీనితోనే మూసుకుంటాయి. నడిమిలో మొటిమ ఉన్న అలెన్ బోల్టులకు డబ్బు పెట్టే ముందు ఇది ఒకసారి చేసి చూడమని నా సలహా. ఆ మొటిమ బోల్టుల బిట్టు ఇప్పుడు ప్రతి హార్డ్‌వేర్ దుకాణంలోనూ పెట్టెలో కలిపి అమ్ముతున్నారు.

అభ్యాసం ఈసారి కొంచెం కఠినంగా ఉంటుంది. మొదట మీ బండి మీద ఉన్న ప్రతి నట్టునూ బోల్టునూ చూసి, ఒక్కొక్కటి ఏ సాధనంతో ఊడుతుందో కాగితం మీద రాయండి. పాత బండికైతే పానాల పేర్లే ఎక్కువగా వస్తాయి. ఆ తరువాత ఒక రాత్రి వరండాలో దీపం ఆర్పేసి, సంచిలో మీరు రోజూ మోసే సాధనాలతో మాత్రమే వెనుక చక్రాన్ని విప్పి, మళ్ళీ బిగించి, బ్రేకు పట్టి చూడండి. ఇలా మూడుసార్లు చేయండి, మూడవసారి పావుగంట దాటకూడదు. పంక్చరైన రాత్రి జడ్చర్ల రోడ్డు మీద మీకు దొరికేది ఆ వెలుతురే. చివరగా ఇంట్లో తమ్ముడికో చెల్లెలికో మామూలు అలెన్ కీల కట్టనూ ఒక పానానూ ఇచ్చి, ఐదు నిమిషాలలో సీటు తీసి చూపమనండి, మీరు మాత్రం నోరు మెదపకండి. మొదట ఏ బోల్టు మీద చేయి వేశారో, ఎక్కడ ఆగిపోయారో గడియారం చూసి రాసుకుని నాకు పంపండి. ఐదవ పాఠాన్ని అక్కడి నుంచి మొదలుపెడతాను.