డిగ్రీ లెక్క దగ్గర ఆగిపోతే ఆన్‌లైన్‌లో ఎక్కడ అడగాలి, ఎలా అడగాలి

ఇంటర్ దాకా లెక్క రాకపోతే యూట్యూబ్‌లో కొడితే చాలు, అదే లెక్కని ఎవరో ఒక సార్ బోర్డు మీద చేసి చూపిస్తారు. డిగ్రీలోకొచ్చాక ఆ సుఖం పోతుంది. రియల్ అనాలిసిస్‌లోనో గ్రూప్ థియరీలోనో ఇరుక్కుంటే అచ్చంగా మీ లెక్కే ఉన్న వీడియో దొరకదు, దొరికినా మీకు అర్థం కాని లైనునే "ఇది తెలిసిందే కదా" అని దాటేస్తారు. అందుకే అడగడం నేర్చుకోక తప్పదు.

నేను మొదటిసారి ఓ సైట్‌లో పుస్తకం పేజీ ఫొటో తీసి పెట్టి, కింద "ప్లీజ్ సాల్వ్, రేపు ఇంటర్నల్" అని రాశాను. కాసేపటికే ప్రశ్న మూసేశారు. ఒళ్లు మండిపోయింది. ఇప్పుడు నేనే అప్పుడప్పుడు జవాబులు రాస్తుంటాను కాబట్టి తెలుస్తోంది, ఆ ఫొటో చూసి నాకు ఎక్కడ అర్థం కాలేదో కనిపెట్టడం ఎవరివల్లా కాదు.

డిగ్రీ, బీటెక్, పీజీ లెక్కలకు మ్యాథమెటిక్స్ స్టాక్ ఎక్స్ఛేంజ్ అనే ప్రశ్నోత్తరాల సైట్‌కి వెళ్లండి. 2010 నుంచి నడుస్తోంది, మామూలు సిలబస్ ప్రశ్న అయితే ఎవరో ఒకరు ఇప్పటికే అడిగేసి ఉంటారు, ముందు వెతకండి. మ్యాథ్‌ఓవర్‌ఫ్లో అని ఇంకోటి కనిపిస్తుంది, అది రీసెర్చ్ చేసేవాళ్లది, సెమిస్టర్ లెక్క పెడితే ఉంచరు. రెడిట్‌లో లెర్న్‌మ్యాథ్ అనే గ్రూపులో కాస్త మెత్తగా మాట్లాడతారు, ఏ పుస్తకంతో మొదలెట్టాలి లాంటివి కూడా అక్కడ అడగొచ్చు.

తెలుగు మీడియం వాళ్లకి ఇంకో చిక్కుంది. అవధి, అవకలనం, సమాకలనం, మాత్రిక, సమూహం అని వెతికితే దాదాపు ఏమీ రాదు. నోట్‌బుక్ చివరి పేజీలో వాటి ఎదురుగా లిమిట్, డిఫరెన్షియేషన్, ఇంటిగ్రేషన్, మ్యాట్రిక్స్, గ్రూప్ అని ఇంగ్లిష్ స్పెల్లింగ్‌తో రాసుకోండి. గ్రామర్ గురించి టెన్షన్ వద్దు, లెక్క అర్థమైతే వాళ్లకి చాలు.

ఇక ఎలా అడగాలో ఒక ఉదాహరణతో చెప్తాను. సున్నా నుంచి ఒకటి దాకా ఎక్స్ పవర్ ఎన్ యూనిఫాంగా కన్వర్జ్ కాదని చూపించమన్నారు అనుకోండి. దాన్ని యథాతథంగా ఎక్కించకుండా ఇలా రాయండి: "ఎక్స్ ఒకటి కన్నా తక్కువైతే లిమిట్ సున్నా, ఒకటి దగ్గర ఒకటి, ఇంతవరకూ వచ్చింది. కానీ ఎక్స్ సున్నాకీ ఒకటికీ మధ్య ఉన్నప్పుడు లాగ్ ఎప్సిలాన్‌ని లాగ్ ఎక్స్‌తో భాగించి, అంతకన్నా పెద్ద ఎన్ తీసుకుంటే సరిపోతోంది కదా, మరి యూనిఫాం ఎందుకు కాదు?" ఇప్పుడు మీ పొరపాటు ఎదుటివాళ్లకి కనిపిస్తుంది. మీ ఎన్ ఎక్స్‌ని బట్టి మారిపోతోంది, యూనిఫాం అంటే అన్ని ఎక్స్‌లకీ ఒకే ఎన్ సరిపోవాలి అని ఒక్క లైన్లో చెప్పేస్తారు. ఎప్సిలాన్, అంటే లిమిట్‌కి ఉండనిచ్చే తేడా, 0.1 అయితే, ఎక్స్ 0.5 కి ఎన్ 4 చాలు, 0.9 కి 22 కావాలి, 0.99 కి 230, అలా ఒకటికి దగ్గరయ్యే కొద్దీ పెరుగుతూనే ఉంటుంది, అన్నిటికీ సరిపోయే ఒక్క ఎన్ దొరకదు. గ్రాఫులు గీసే డెస్మోస్ సైట్‌లో ఎన్‌కి స్లైడర్ పెట్టి లాగి చూడండి, గీత కింద నేలకు అతుక్కుపోయి కుడి మూల దగ్గర మాత్రం నిటారుగా లేస్తుంది.

సూత్రాలు ఫొటోగా పెట్టకుండా టైప్ చేయండి. స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో రెండు $ గుర్తుల మధ్య లేటెక్‌లో, అంటే సూత్రాలు టైప్ చేసే పద్ధతిలో, రాస్తే పుస్తకంలో ఉన్నట్టు కనిపిస్తుంది, భిన్నాలు, పవర్లు, ఇంటిగ్రల్ గుర్తు ఒక సాయంత్రంలో వచ్చేస్తాయి.

మొత్తం చాప్టరే అర్థం కాకపోతే ప్రశ్నలు పెట్టి లాభం లేదు, క్లాసే వినాలి. ఐఐటీల వీడియో పాఠాలు ఎన్‌పీటీఈఎల్ అనే సైట్‌లో ఉచితం. లీనియర్ ఆల్జీబ్రాకి ఎంఐటీలో గిల్బర్ట్ స్ట్రాంగ్ చెప్పిన పాఠాలు, కాల్క్యులస్‌కీ డిఫరెన్షియల్ ఈక్వేషన్స్‌కీ పాల్స్ ఆన్‌లైన్ నోట్స్ అనే సైట్ చూడండి. యూట్యూబ్‌లో త్రీ బ్లూ వన్ బ్రౌన్ అనే చానల్ వీడియోలు చూస్తే ఐగెన్ వాల్యూ కళ్లకు కడుతుంది, కానీ అవి చూసి పరీక్ష రాయగలమనుకోవద్దు, నాకు అనుభవమే.

లెక్క టైప్ చేస్తే జవాబిచ్చే వోల్ఫ్రామ్ ఆల్ఫా సైట్ ఆన్సర్ సరిచూసుకోవడానికి బాగుంటుంది, స్టెప్పులన్నీ కావాలంటే డబ్బు కట్టాలి. ఏఐ చాట్‌బాట్‌లు తప్పు ప్రూఫ్‌ని కూడా తడుముకోకుండా రాసేస్తాయి. లెక్క చేసి పెట్టమనకుండా మీరు రాసింది ఇచ్చి "మొదటి తప్పు ఏ లైన్లో ఉంది, మిగతాది చేయకు" అని అడగండి, అది చూపించిన లైన్‌ని మళ్లీ మీరే సరిచూసుకోండి.

పరీక్ష ముందు రాత్రి మాత్రం కొత్త ప్రశ్న పెట్టి కూర్చోకండి. జవాబు గంటలో రావచ్చు, మూడు రోజులకి రావచ్చు, అసలు రాకపోవచ్చు కూడా. ఆ రాత్రికి పాత ప్రశ్నల్లోనే వెతుక్కోండి.