పోపు చిటపటకే గుండె దడ

కాలిన గాయాల వార్డులో ఆరేళ్లుగా నర్సుని. పోయినేడాది వంటింట్లో పోపు చిటపటలాడినా గుండె దడదడలాడేది. వార్డులో పేషెంటు ఏడుస్తుంటే మాత్రం నాలో చలనమే ఉండేది కాదు. ఆ రెండోదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేశాను, తెలుగులోనే మాట్లాడారు. మనసు రాయైపోలేదని, పరుల బాధ చూసి చూసి తగిలిన గాయమని అప్పుడే అర్థమైంది. ఇన్‌చార్జి సిస్టర్‌ని అడిగి వరుస నైట్ డ్యూటీలు తగ్గించుకున్నాను. డ్రెస్సింగ్‌కి ఇప్పుడు ఇద్దరం కలిసే వెళ్తున్నాం. డ్యూటీ దిగాక యూనిఫాం మార్చుకుని, తోటి సిస్టర్‌తో పది నిమిషాలు మెట్ల మీద కూర్చుంటాను. కేసు వివరాలు కాదు, నాకేమనిపించిందో అంతే చెబుతాను. ఆమెదీ వింటాను.

నెలకి నిద్ర కుదుటపడింది. పోపు భయం ఇంకా కొంచెం ఉంది. మొన్న డిశ్చార్జి అయిన పాప చేయి ఊపితే కళ్లు చెమర్చాయి.