అమెరికన్ ఫోక్ ఆర్ట్ కొనాలన్నా అమ్మాలన్నా ముందు పాత రంగును చదవాలి

1830ల నాటి పైన్ చెక్క పెట్టెలు రెండు పక్కపక్కనే ఉన్నాయనుకోండి. కొలతలు ఒకటే, పనితనమూ ఒకటే. ఒకదాని మీద మొదట వేసిన నీలం రంగు ఇంకా ఉంది. అక్కడక్కడ పగిలింది, చేతులు తగిలే చోట అరిగి చెక్క బయటపడింది. రెండోదానికి ఎవరో రంగంతా గీకేసి, వార్నిష్ పూసి తళతళలాడించారు. చూపుకు రెండోదే బాగుంటుంది. ధర మాత్రం మొదటిదానికే, అదీ ఎన్నో రెట్లు ఎక్కువ. గీకిన రంగు మళ్లీ రాదు. అమెరికన్ జానపద కళావస్తువుల బేరమంతా ఈ పైపొర చుట్టూ తిరుగుతుంది. దొంగ సరుకు తయారుచేసేవాళ్లు కష్టపడేదీ ఈ పైపొర మీదే.

అన్నీ ఒకేసారి నేర్చుకోవాలనుకోవద్దు. రంగు వేసిన సామాను, గాలి దిశ చూపిస్తూ కప్పు మీద తిరిగే వెదర్‌వేన్లు, చెక్క బాతులు, బొంతలు, ఉప్పు మెరుగు (గ్లేజ్) పెట్టిన జాడీలు, సంచార చిత్రకారులు గీసిన ముఖచిత్రాలు, పెన్సిల్వేనియా జర్మన్ కుటుంబాలు అలంకార అక్షరాలతో, బొమ్మలతో రాయించుకున్న ఫ్రాక్టుర్ కాగితాలు, ఇలా ఒక్కోటీ ఒక్కో చదువు. ఒకటి ఎంచుకుని ఏడాది పాటు దాన్నే చూడండి. వెర్మాంట్‌లోని షెల్బర్న్ మ్యూజియం, విలియమ్స్‌బర్గ్‌లోని ఆబీ ఆల్డ్రిచ్ రాక్‌ఫెల్లర్ మ్యూజియం, న్యూయార్క్‌లోని అమెరికన్ ఫోక్ ఆర్ట్ మ్యూజియం చూస్తే మంచి సరుకు ఎలా ఉంటుందో తెలుస్తుంది. కానీ అక్కడ ముట్టుకోనివ్వరు. వేలానికి ముందు ఒకటి రెండు రోజులు ప్రివ్యూ పెడతారు. అక్కడ సొరుగు లాగొచ్చు, పెట్టె తిరగేయించి అడుగు చూడొచ్చు. కొనే ఉద్దేశం లేకపోయినా వెళ్లండి. ఇంతకు మించిన బడి లేదు.

జేబులో ఉండాల్సినవి: గట్టి వెలుగిచ్చే చిన్న టార్చి, పది రెట్లు పెద్దదిగా చూపే లూప్, 365 నానోమీటర్ల అతినీలలోహిత టార్చి, చిన్న అయస్కాంతం, అంగుళాల టేపు, పిడి ఉన్న చిన్న అద్దం. టార్చి వెలుగు ఎదురుగా కాకుండా పక్కనుంచి, పలకకు దాదాపు ఆనించి వేయండి. చిత్రిక పట్టిన గాడులు, రంపం గీతలు, తరవాత నింపిన గుంటలు అప్పుడే కనిపిస్తాయి.

పెట్టెను పరీక్షించడం

ఆరు పలకల పెట్టెతో మొదలుపెట్టడం మంచిది. సరుకు తేలిగ్గా దొరుకుతుంది, తప్పులూ అందులోనే ఎక్కువ. ముందు రంగు జోలికి పోకండి. మూత తీసి లోపల చూడండి, తరవాత అడుగు చూడండి, వెనక చూడండి. ముందువైపు అందరూ చూస్తారు కాబట్టి మోసం చేసేవాడు అక్కడ జాగ్రత్త పడతాడు.

చెక్క పోగులకు అడ్డంగా కుంచించుకుపోతుంది, పోగుల వెంబడి దాదాపు కుంచించుకోదు. దీన్ని ఏ దొంగా దాచలేడు, ఓపిగ్గా అనుకరించగలడంతే. మూత రెండు చివర్లా కొట్టిన అడ్డపట్టీ మూత వెడల్పుకు సరిపడా కోసి ఉంటుంది. రెండు వందల ఏళ్లలో మూత వెడల్పు తగ్గిపోయి, పట్టీ మాత్రం అంతే ఉండి, ముందో వెనకో ఎనిమిదో వంతు నుంచి పావు అంగుళం దాకా బయటికి పొడుచుకొస్తుంది. వేలితో తడిమితే తెలుస్తుంది. గుండ్రటి బల్ల అయితే చెక్క పోగుల వెంబడి ఒకసారి, వాటికి అడ్డంగా ఒకసారి కొలవండి. రెండు కొలతలూ సరిగ్గా సమానమైతే ఆ బల్ల వయసు మీద అనుమానపడాలి.

తరవాత మేకులు. చేత్తో కొట్టిన గులాబీ తల మేకులు 1790ల దాకా ప్రధానం. 1790ల నుంచి యంత్రంతో కత్తిరించిన చదును మేకులు వచ్చాయి. తీగతో చేసిన గుండ్రటి మేకులు 1880ల తరవాత మామూలయ్యాయి. పాత ఇనప మేకు చుట్టూ చెక్క నల్లబడి ఉంటుంది. పాత మేకును కొత్త కన్నంలో కొడితే ఆ నలుపు ఉండదు. మొన కోసుగా ఉన్న స్క్రూలు 1840ల చివరికి గానీ రాలేదు. అంతకు ముందువాటి మొన మొద్దుగా ఉంటుంది, తల మీద గాడి సరిగ్గా మధ్యలో ఉండదు. పలక వెనక రంపం గీతలు నిటారుగా సమాంతరంగా ఉంటే పాత మిల్లు, వంపు తిరిగి ఉంటే గుండ్రటి రంపం. గుండ్రటి రంపం 1830ల తరవాత బాగా వ్యాపించింది. ఒక్క మేకు చూసి తీర్పు చెప్పకండి. మరమ్మతు చేసినప్పుడు కొత్త మేకు కొట్టి ఉండొచ్చు. అన్ని ఆధారాలూ ఒకే కాలాన్ని చూపిస్తున్నాయా అన్నదే చూడాలి.

ఇక పుచ్చు. పురుగు చెక్క లోపల సొరంగం తవ్వి, చివర్లో గుండ్రటి చిన్న కన్నం చేసుకుని బయటికి వస్తుంది. కాబట్టి పైన కన్నాలే కనిపించాలి. పలక మీద సన్నటి కాలవల్లాగా సొరంగాలు పొడుగునా తెరుచుకుని ఉన్నాయంటే, పుచ్చిన పాత పలకను ఎవరో తరవాత కోసి వాడారని అర్థం. ఆ కాలవల్లోకి రంగు దిగి ఉంటే రంగు కూడా తరవాతిదే.

ఇప్పుడు రంగు దగ్గరికి రండి. లూప్‌తో ఒక పాత గీతలోకో, చిన్న సొట్టలోకో చూడండి. పెట్టెకు దెబ్బ తగిలింది రంగు వేశాకే అయితే ఆ సొట్ట అంచున రంగు విరిగి, లోపల నల్లబడిన పచ్చి చెక్క కనిపిస్తుంది. సొట్ట అడుగున కూడా రంగు నున్నగా పరుచుకుని ఉంటే రంగు దెబ్బ తరవాతది. అరుగుదల కూడా బుద్ధితో చూడాలి: మూత ఎత్తే చోట, తాళం చుట్టూ, తుడిచేటప్పుడు చీపురు తగిలే కాళ్ల దగ్గర అరిగితే సహజం. చేయి వెళ్లని చోట, పలక మధ్యలో అందంగా అరిగి ఉంటే అది ఇసక కాగితం పని. మూత తాళపు పలక, బందులు మార్చారేమో చూడండి. పాత బందుల మచ్చలు, పూడ్చిన కన్నాలు మిగిలి ఉంటాయి. చాలా పెట్టెల లోపల ఒక పక్క చిన్న అర ఉండేది. అది పోతే గాడి మాత్రం కనిపిస్తుంది. కాళ్లు మార్చడం చాలా మామూలు. బందులు మారితే ధర కొంచెం తగ్గుతుంది, కాళ్లు మారితే ఇంకొంచెం, రంగు మారితే సగానికి పైగా పోతుంది.

పెద్ద మొత్తం పెడుతున్నప్పుడు రంగును ప్రయోగశాలలో పరీక్ష చేయించండి. టైటానియం తెలుపు 1910ల చివరి నుంచే మార్కెట్లోకి వచ్చింది. 1820ల పెట్టె అడుగు పొరలో అది కనిపిస్తే ఇంకేమీ అడగక్కర్లేదు.

నిపుణులు కూడా మోసపోతారు. 1969లో రోడ్ ఐలాండ్‌కు చెందిన శిల్పి ఆర్మాండ్ లమాంటేన్ 17వ శతాబ్దపు బ్రూస్టర్ కుర్చీ (చెక్క పుల్లలను కన్నాల్లో దించి చేసే రకం) లాంటిది చెక్కి, పాతబరిచి వదిలాడు. అది చేతులు మారి మారి మిషిగన్‌లోని హెన్రీ ఫోర్డ్ మ్యూజియానికి చేరింది, వాళ్లు 9,000 డాలర్లు పెట్టి కొన్నారు. 1977లో గుట్టు బయటపడింది. ఎక్స్‌రే తీస్తే, పుల్లలు దిగిన కన్నాల అడుగు ఆధునిక డ్రిల్ బిట్ ఆకారంలో కనిపించింది. పైన ఎంత పనితనం చూపినా పనిముట్టు గుర్తు లోపల మిగిలిపోయింది. మ్యూజియం ఆ కుర్చీని పారేయకుండా పాఠం కోసం అట్టిపెట్టుకుంది.

రాగి బొమ్మలు, చెక్క బాతులు, బొంతలు, జాడీలు

వెదర్‌వేన్లలో మసాచుసెట్స్ వాల్తమ్‌లోని కుషింగ్, న్యూయార్క్‌లోని జె.డబ్ల్యు. ఫిస్క్, బోస్టన్‌లోని హ్యారిస్ పేర్లు తరచూ వింటారు. ఇనప అచ్చుల్లో రాగి రేకును సుత్తితో కొట్టి రెండు సగాలు చేసి టంకంతో అతికేవాళ్లు. చిక్కు ఏమిటంటే, కొన్ని పాత అచ్చులతో 20వ శతాబ్దంలో కూడా బొమ్మలు తీశారు. ఆకారం సరిపోయిందని నమ్మితే మునిగిపోతారు. అసలైన చిలుము పలచగా, గట్టిగా, వాన జారిన దారుల వెంబడి ఎగుడుదిగుడుగా ఉంటుంది. ఆమ్లంతో తెప్పించిన చిలుము పొడిపొడిగా, అన్ని వైపులా ఒకేలా పట్టి, తడి గుడ్డకు అంటుకుంటుంది. బంగారు రేకు ఒకప్పుడు ఉండి ఉంటే ఈకల సందుల్లో, చెవుల వెనక మిగులుతుంది. దశాబ్దాల పాటు తిరిగిన బొమ్మకు ఊచ దిగే గొట్టం లోపల ఒక పక్క అరిగి ఉంటుంది. అద్దం పెట్టి, టార్చి వేసి అది చూడండి. ఇవి కొట్టాల కప్పుల మీంచీ చర్చి గోపురాల మీంచీ దొంగతనం అయ్యే సరుకు కూడా. ఏ కప్పు మీంచి, ఎప్పుడు, ఎవరు దించారో కాగితం లేకుండా కొనొద్దు.

చెక్క బాతులు (డెకాయ్‌లు) అసలు పక్షులను దగ్గరికి రప్పించడానికి వేటగాళ్లు నీళ్ల మీద తేలేట్టు వదిలినవి. డెట్రాయిట్‌లోని మేసన్ కార్ఖానా 1896 నుంచి 1924 దాకా నడిచింది. మసాచుసెట్స్ ఈస్ట్ హార్విచ్ వాడైన ఎల్మర్ క్రోవెల్ పేరు ఈ రంగంలో అందరికన్నా పైన ఉంటుంది. 1918 వలస పక్షుల చట్టంతో చాలా రకాల తీరపు పక్షుల వేట ఆగిపోయింది కాబట్టి ఆ పక్షుల పాత డెకాయ్‌లు మిగిలినవే మిగిలాయి. మెడ, ముక్కు విరగడం మామూలు. అతికి, పూడ్చి, రంగేస్తారు. అతినీలలోహిత వెలుగులో కొత్త రంగు వేరేగా కనిపిస్తుంది, ఎక్స్‌రేలో లోపలి మేకు బయటపడుతుంది. ఖరీదైన బాతుకు ఎక్స్‌రే అడగడం మర్యాద తక్కువేమీ కాదు.

బొంతకు చీకటి గదిలో అదే అతినీలలోహిత టార్చి వేయండి. బట్టకు తెలుపు తెప్పించే రసాయనాలు రెండో ప్రపంచ యుద్ధం తరవాత వాడుకలోకి వచ్చాయి, అవి నీలంగా మెరుస్తాయి. కుట్టు దారమో ఒక్క ముక్కో మాత్రమే మెరిస్తే అది తరవాత చేర్చింది. బొంతంతా సమానంగా మెరిస్తే పాతదే అయినా ఎవరో డిటర్జెంట్‌లో ఉతికి ఉండొచ్చు. ముదురు గోధుమ రంగు ముక్కలు ముందు చిరుగుతాయి, అద్దకంలోని ఇనుము నూలును తినేస్తుంది. బరువు కోసం లోహ లవణాలు పట్టించిన పట్టుముక్కలు చీలికలు చీలికలవుతాయి, వాటిని ఆపడం ఎవరి వల్లా కాదు.

జాడీల్లో చూడాల్సింది గీత ముందా మెరుగు ముందా అన్నది. కాల్చకముందు గీసిన అక్షరంలోకి మెరుగు ప్రవహించి అంచులు మెత్తబడతాయి. తరవాత గీకితే అంచు పెళుసుగా విరిగి ఉంటుంది. సౌత్ కరోలినా ఎడ్జ్‌ఫీల్డ్‌లో బానిసగా పనిచేసిన కుమ్మరి డేవిడ్ డ్రేక్, బానిసలకు చదువు చెప్పడాన్ని చట్టం నిషేధించిన రోజుల్లో, తన జాడీల మీద పేరు, తేదీ, పద్యాలు కూడా చెక్కాడు. 1858లో ఆయన చేసిన 25 గ్యాలన్ల జాడీ 2021 వేలంలో 15.6 లక్షల డాలర్లు పలికింది. ఆ పచ్చి మట్టి మీద వేసిన అక్షరాలు చూస్తే ఈ వస్తువులను ఎందుకు కాపాడాలో ఎవరూ చెప్పక్కర్లేదు. వాటిని అనుకరించి గీకేవాళ్లు ఉంటారు కాబట్టే అంచులు చూడమంటున్నాం.

వేలం పాట ఎక్కడ ఆపాలి

మసాచుసెట్స్ బ్రిమ్‌ఫీల్డ్ పాత వస్తువుల సంత 1959లో మొదలైంది. మే, జులై, సెప్టెంబరులో జరుగుతుంది. ఒక్కో మైదానం ఒక్కో రోజు, ఒక్కో వేళకు తెరుస్తారు. తెరిచే వేళకే గేటు దగ్గర నగదుతో ఉండాలి. పెన్సిల్వేనియాలోని ఆడమ్స్‌టౌన్‌లో ఆదివారం సంతలు బాగుంటాయి. ఆగస్టులో న్యూ హాంప్‌షైర్‌లో ఒక వారం మొత్తం ఈ సరుకుకే.

వేలంలో పాడే ముందు లెక్క కాగితం మీద వేసుకోండి, వెనక నుంచి ముందుకు. ఒక వస్తువును మీరు 4,000 డాలర్లకు అమ్మకానికి పెట్టగలరు అనుకుందాం. కొనేవాళ్లు పది శాతం తగ్గించమంటారు, 3,600. సంతలో చోటుకు, ఇతర ఖర్చులకు పది శాతం, అంటే 360. రవాణా 150. నిలబెట్టే స్టాండు, చిన్న పనులు 100. మీకు మిగలాల్సింది 1,000. అన్నీ తీసేస్తే 1,990. వేలం సంస్థ కొనుగోలుదారు మీద పాట ధరకు అదనంగా 25 శాతం రుసుము (ప్రీమియం) వేస్తే 1,990ని 1.25తో భాగించండి, 1,592 వస్తుంది. 1,550 దగ్గర చేయి దించేయండి. పాట వేడిలో ఇంకొక్కసారి అని చేయెత్తితే ఆ లాభం వేలం వాళ్లకు వెళ్తుంది, సరుకు మీ గదిలో ఏళ్లకేళ్లు ఉండిపోతుంది.

వ్యాపారం చేయదలుచుకుంటే రాష్ట్రంలో సేల్స్ ట్యాక్స్ అనుమతి తీసుకోండి. తిరిగి అమ్మడానికి కొన్నదానిమీద పన్ను కట్టక్కర్లేదు. ఆ సర్టిఫికెట్‌తో కొని ఇంట్లో పెట్టుకుంటే మాత్రం పన్ను బాకీ పడినట్టే. మీ సొంత సేకరణకూ అమ్మకం సరుకుకూ పుస్తకాలు వేరుగా ఉంచండి. సేకరించేవాడు ఏడాదికి పైగా ఉంచుకుని అమ్మితే లాభం మీద ఫెడరల్ పన్ను గరిష్ఠంగా 28 శాతం, వ్యాపారికి అది మామూలు ఆదాయంగా లెక్కకొస్తుంది.

కొన్ని వస్తువులు ఎంత పాతవైనా అమ్మకూడదు, మరికొన్ని పాతవని రుజువుంటేనే అమ్మాలి. గద్ద ఈకలున్న ఏ వస్తువునూ కొనడం, అమ్మడం రెండూ నేరమే. తిమింగలం పళ్ల మీద చెక్కిన స్క్రిమ్‌షా, దంతం అతికిన పెట్టెలు వందేళ్లు దాటాయని రుజువు చూపించాల్సిన బాధ్యత అమ్మేవాడిదే. న్యూయార్క్, న్యూజెర్సీ, కాలిఫోర్నియా నిబంధనలు దానికన్నా కఠినం.

రసీదు రాయడంలో బద్ధకం పనికిరాదు. అమ్మేటప్పుడు మీరు రాసే వర్ణన చట్టం దృష్టిలో హామీ. “పెట్టె, పైన్, సుమారు 1830, న్యూ ఇంగ్లండ్, నీలం రంగు మొదటిదే, బందులు మార్చినవి, వెనక ఎడమ కాలు అతికింది” అని రాయండి. తెలియని పేరు ఊహించి రాయకండి. “ఫలానావారి పని” అనడానికీ “ఫలానావారి శైలిలో” అనడానికీ తేడా వేల డాలర్లు. కొన్న తేదీ, ఎవరి దగ్గర, ఎంతకు, అప్పుడు తీసిన ఫొటోలు, అడుగు ఫొటోతో సహా ఫైలులో ఉంచండి. వస్తువుతో పాటు ఆ ఫైలు వెళ్తేనే తరవాతి కొనుగోలుదారు నమ్ముతాడు.

ఇంటికి తెచ్చాక చేయాల్సింది తక్కువ. మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులపండి, అంతే. తడి గుడ్డ, ఫర్నిచర్ పాలిష్, లిన్సీడ్ నూనె, నిమ్మ నూనె, ఏదీ వద్దు. నూనె పాత రంగును నల్లబరుస్తుంది, దుమ్మును పట్టేస్తుంది. గదిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య నిలకడగా ఉంచండి. శీతాకాలంలో హీటర్ పక్కన పెడితే పలక చీలుతుంది, రంగు పెచ్చులూడుతుంది. బొంతలను ఆమ్లం లేని టిష్యూతో మడిచి, మూడు నెలలకోసారి మడత మార్చండి. పెచ్చు లేస్తున్న రంగు కనిపిస్తే టేపు వేయకండి, జిగురు పూయకండి. రాలిన ముక్కలను చిన్న కవరులో దాచి, పాత వస్తువులను బాగుచేసి కాపాడే నిపుణుడి (కన్జర్వేటర్) దగ్గరికి తీసుకెళ్లండి.