తెలుగు బైబిలులోని దైవబిరుదుల అర్థాన్ని ఎలా తెలుసుకోవాలి?

యెహోవా, ప్రభువు, మనుష్యకుమారుడు, అభిషిక్తుడు, ఆదరణకర్త అనే మాటలు బైబిలు చదివేవారికి ఎంతగా అలవాటైపోయాయంటే, అన్నీ దేవుణ్ణి గౌరవించే పిలుపులే కదా అనుకొని వాటిమీద ఆగకుండా వచనం దాటిపోతాము. ఒక్కొక్క పిలుపు వెనుక హీబ్రూలోనో, అరామిక్‌లోనో, గ్రీకులోనో వేరొక మాట ఉంది. ఆ మాటను పట్టుకుంటే ఎంతోకాలంగా కంఠస్థమైన వచనం కూడా కొత్తగా వినిపిస్తుంది. ఇందుకు ఆ భాషలు నేర్చుకొని ఉండనక్కరలేదు. బైబిల్ సొసైటీ ఆఫ్ ఇండియా వారి పాత తెలుగు అనువాదం, ఒక నోటు పుస్తకం, మూలపదాలకు స్ట్రాంగ్ సంఖ్యలు చూపే యాప్ ఒకటి ఉంటే పని మొదలుపెట్టవచ్చు. ఆ సంఖ్యలు జేమ్స్ స్ట్రాంగ్ 1890లో వెలువరించిన పదసూచికలోనివి. హీబ్రూ పదాలకు ఒక వరుస, గ్రీకు పదాలకు మరొక వరుస ఉంటాయి.

1. అది పేరా, బిరుదా అని ముందుగా తేల్చుకోండి

"దేవుడు" అన్నది సామాన్య నామం, "ప్రభువు" అన్నది బిరుదు, "యెహోవా" అన్నది పేరు. హీబ్రూ లేఖనాల్లో ఈ పేరు యోద్, హే, వావ్, హే అనే నాలుగు హల్లులతో సుమారు 6,800 సార్లు వస్తుంది. భక్తివలన యూదులు దానిని పలకడం మానుకొని, ఆ స్థానంలో "నా ప్రభువు" అనే అర్థం గల "అదోనాయ్" అని చదువుతూ వచ్చారు. అదోనాయ్‌లోని అచ్చులను ఆ నాలుగు హల్లులకు చేర్చి చదవడం వలన "యెహోవా" అనే రూపం ఏర్పడింది. తొలి ఉచ్చారణ "యాహ్వే" అయి ఉంటుందని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. 2008లో వాటికన్ కూడా కతోలిక ఆరాధనలోని పాటల్లో, ప్రార్థనల్లో ఈ పేరును ఉచ్చరించవద్దని ఆదేశించింది.

హీబ్రూ లేఖనాల గ్రీకు అనువాదంలో ఈ పేరున్న చోట "ప్రభువు" అనే అర్థం గల "కురియోస్" అని చదివే ఆచారం స్థిరపడింది, దానినే కొత్త నిబంధన రచయితలు అనుసరించారు. అందుకే మత్తయి 22:44లో "ప్రభువు నా ప్రభువుతో" అని ఒకే మాట రెండుసార్లు వినబడి, ఎవరు ఎవరితో అన్నారో తెలియక చదువరి తికమకపడతాడు. ఆ మాటలకు మూలమైన కీర్తన 110:1ని హీబ్రూలో చూడండి: మొదటిది ఆ నాలుగక్షరాల పేరు, రెండవది "నా యజమానుడు" అనే అర్థం గల "అదోనీ". చిక్కు అక్కడే విడిపోతుంది.

2. ఆ పిలుపు ఎవరి నోట, ఎవరిని గూర్చి వచ్చిందో చూడండి

కురియోస్ (గ్రీకు వరుసలో 2962) దేవునికి మాత్రమే చెందిన మాట కాదు. ఇంటి యజమానిని, ముక్కూమొహం తెలియని పెద్దమనిషిని కూడా అదే మాటతో పిలిచేవారు. యోహాను 4:11లో బావి దగ్గర సమరయ స్త్రీ యేసును పిలిచింది ఆ మాటతోనే. మన అనువాదకులు అక్కడ "అయ్యా" అని వ్రాశారు. యోహాను 20:28లో తోమా నోట అదే మాట "నా ప్రభువా, నా దేవా" అయింది. ఈ ఎంపిక ఎంతో వివేకంతో చేసినదని నా అభిప్రాయం, ఎందుకంటే దాహానికి నీళ్లడిగిన బాటసారిని తెలుగు ఆడబిడ్డ "ప్రభువా" అని పిలవదు. అయితే రెండూ ఒకే గ్రీకు మాట అని తెలిసినవారికే "అయ్యా" నుండి "ప్రభువా" వరకు సువార్త నడిచిన దూరం కనబడుతుంది.

3. ఒకే మూలపదానికి తెలుగులో ఎన్ని మాటలున్నాయో రాసుకోండి

తొందరపడకుండా చేయవలసిన మెట్టు ఇది. యెహెజ్కేలు గ్రంథంలో దేవుడు ప్రవక్తను తొంభైకి పైగా సార్లు "నరపుత్రుడా" అని పిలుస్తాడు. హీబ్రూలో అది "బెన్ ఆదాం", అంటే మట్టితో చేయబడిన మానవుని కుమారుడు. దానియేలు 7:13లో ఆకాశమేఘాలతో వచ్చేవాడు "మనుష్యకుమారుని పోలిన" వాడు. అక్కడి అరామిక్ మాట "బర్ ఎనాష్". సువార్తల్లో యేసు తనను గూర్చి చెప్పుకొన్నది "మనుష్యకుమారుడు" అని. తెలుగులో ఒకచోట నరపుత్రుడు, మరొకచోట మనుష్యకుమారుడు అని ఉండడం వలన, యెహెజ్కేలు వినిన పిలుపుకూ యేసు ఎంచుకొన్న బిరుదుకూ ఉన్న చుట్టరికం మన చెవికి అందదు. రెంటినీ పక్కపక్కన రాసుకొని చదివితే, ఆ ఒక్క బిరుదులో మంటివాడైన మనిషి బలహీనత, దానియేలు చూసినవానికి ఇవ్వబడిన ప్రభుత్వం రెండూ ఉన్నాయని తెలుస్తుంది.

"పరాక్లేతోస్" (3875) కూడా ఇటువంటిదే. యోహాను 14:16లో పరిశుద్ధాత్మ "వేరొక ఆదరణకర్త"; 1 యోహాను 2:1లో యేసుక్రీస్తు "ఉత్తరవాది". మూలంలో రెండు చోట్లా ఒకే మాట: సహాయానికి పక్కకు పిలవబడినవాడు, న్యాయస్థానంలో మన పక్షాన నిలిచి మాట్లాడేవాడు. "వేరొక" అన్నప్పుడు మొదటివాడు ఎవరో ఆ పత్రికే చెబుతోంది.

4. తెలుగు మాట తెచ్చే మన ఊహను వేరు చేయండి

"క్రీస్తు" గ్రీకు, "మెస్సీయ" హీబ్రూ "మాషీయహ్" నుండి వచ్చింది. రెంటికీ అర్థం అభిషిక్తుడు. అభిషేకం అనగానే మనకు గుడిలో పాలాభిషేకమో, రాముని పట్టాభిషేకమో తోస్తుంది. ఇశ్రాయేలులో అది రాజు తలమీద, యాజకుని తలమీద నూనె పోసి పనికి నియమించడం, కాబట్టి పట్టాభిషేకమే దానికి దగ్గర. యెషయా 45:1లో పారసీక రాజైన కోరెషు కూడా అభిషిక్తుడే అన్న సంగతిని గుర్తుంచుకుంటే, ఇది మొదట నియామకాన్ని సూచించే మాట అని స్పష్టమవుతుంది.

5. ధాతువు మీదనే అర్థాన్ని నిలబెట్టకండి

"ఎల్ షద్దాయ్"ను మనవారు సర్వశక్తిగల దేవుడు అన్నారు, కాని షద్దాయ్ ధాతువు పర్వతమా, స్తన్యమా, నాశనమా అన్నది ఇంకా తేలలేదు. "ఎలోహీం" రూపంలో బహువచనం, అయినా ఆదికాండము 1:1లో దాని క్రియ ఏకవచనమే. ఇటువంటి చోట్ల ఆ మాట వచ్చిన వచనాలను వరుసగా చదివి, వాడుకనుబట్టి నిర్ణయించుకోవాలి.

6. మీరు గ్రహించిన అర్థాన్ని వచనంలో పెట్టి పైకి చదవండి

మార్కు 14:36లో గెత్సేమనే తోటలో యేసు పలికిన అరామిక్ పిలుపు "అబ్బా", అంటే తండ్రి. తెలుగులో ఆ శబ్దం నొప్పికో, ఆశ్చర్యానికో పుట్టే కేక. మన అనువాదకులు అక్కడ "నాయనా తండ్రీ" అని వ్రాశారు. ఆ వచనాన్ని ముందు "అబ్బా"తో, తరువాత "నాయనా"తో పైకి చదవండి.